పేరు లేని గ్రీటింగు కార్డు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1985 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, మెకానికల్ ఇంజనీరు.)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, పిల్లలు కూడా ఉంటారు, ఇంజనీరింగు గురించి వాళ్ళకు పనికొచ్చేది ఏదైనా పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరే అన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే వేరే సంగతి వచ్చింది. ఇందులో ఇంజనీరింగు లేకపోలేదు. ఒక అయస్కాంతం ఉంది.

1983 జనవరి. నేను ఎనిమిదో తరగతి. అప్పట్లో కొత్త సంవత్సరం వస్తే గ్రీటింగు కార్డులు ఇచ్చిపుచ్చుకోవడం ఎంత జోరుగా ఉండేదో నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. శంకర్‌పల్లి బస్టాండు దగ్గర కొట్టులో తాడు కట్టి వేలాడదీసేవారు. సినిమా హీరోల బొమ్మలవి అర్ధరూపాయి, మెరుపు పొడి చల్లినవి రూపాయి. మా ఇంట్లో అర్ధరూపాయి అడిగితే వీపు మోగేది. మా అవ్వ సందూకులో ఒక పాత కార్డు ఉందని నాకు తెలుసు. చిన్నది, మడత పెట్టింది, పసుపు మరకలు పడి అంచులు నలిగింది. దాన్నే జేబులో వేసుకొని బడికి తెచ్చాను. అందరి కార్డుల కంటే నాది పాతదని గొప్పలు పోదామని నా ఉద్దేశం.

మా ఇంగ్లీషు సారు చూశారు. పేరు చెప్పనక్కర్లేదు, మా బ్యాచ్‌లో ఆయన చేతి దెబ్బ తినని వాళ్ళు లేరు. కార్డు చేతికి తీసుకొని కళ్ళద్దాలు పైకి జరిపి చదివారు. విజయవంతమైన కొత్త సంవత్సరానికి శుభాకాంక్షలు అని ఉంది. కింద రాజకుమారి మేరీ, స్వదేశంలోని మిత్రులు అని. "ఎవరిదిరా ఇది?" అన్నారు. "మా పెద్దతాతది సార్. దొరల కొట్లాటకు పోయిండు. గుర్రపు సిపాయి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. రాజు బిడ్డ మీ తాతకు గ్రీటింగు పంపిందారా అని. సారు నవ్వలేదు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద పంపినవాళ్ళ పేరుంది గానీ అందుకున్నవాడి పేరు లేదు. మీ తాతదే అని ఎట్లా చెప్తావు?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు నేను జవాబు వెతకడం మొదలుపెట్టింది మాత్రం ముప్పై అయిదేళ్ళ తర్వాత.

మా ఇంటిని ఊళ్ళో సిపాయోళ్ళ ఇల్లు అంటారు. మా తాత అన్నగారు మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి తిరిగి వచ్చాడు. నేను పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే పోయాడు. ఫోటో లేదు. ఆయన గురించి మాకు తెలిసిందంతా మా అవ్వ చెప్పిందే. అవ్వ ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన యుద్ధం నుంచి వచ్చి కొన్నేళ్ళయింది. "మిస్రం పోయిండట. ఆడ పెద్ద కాలువ ఉంటదట. అయిదేండ్లు రాలే. గత్తరల అందరు సచ్చినంక వచ్చిండట" అనేది. ఆయన తెచ్చిన వస్తువులు మూడు. ఈ కార్డు, ఒక డబ్బా, ఒక బిళ్ళ. డబ్బాలో అవ్వ వక్కలు పోసుకునేది. బిళ్ళ నేను చూడలేదు.

2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని ఢిల్లీ వచ్చాడు. తీన్‌మూర్తి చౌక్ పేరును తీన్‌మూర్తి హైఫా చౌక్ అని మార్చారు. అక్కడి మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ సంస్థానాల లాన్సర్ దళాల గుర్తుగా నిలబెట్టినవి. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీద గుర్రాలతో దాడి చేసి పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు. టీవీలో ఇదంతా చూసి మా చిన్నాయిన నాకు ఫోన్ చేశాడు. "అరేయ్, మన తాతను టీవీల జూపెడుతున్నరు!" అప్పటికి ఆయనకు డెబ్భై నాలుగేళ్ళు. ఆ గొంతులో అంత సంతోషం నేను ఆయన కొడుకు పెళ్ళిలో కూడా వినలేదు. ఆ ఏడాది పెత్రమాసకు పెద్దతాత బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టించి ఊరందరికీ భోజనం పెట్టాలన్నాడు. గుర్రం మీద బల్లెం పట్టుకున్న బొమ్మ అప్పుడే సెల్‌ఫోన్లో ఎవరో దింపి ఇచ్చారు. నాకు అప్పగించిన పని ఒక్కటే. "నువ్వు ఇంజనీర్‌వి గదా. ఆయన ర్యాంకేందో, నంబరేందో కనుక్కో. బొమ్మ కింద రాపిద్దాం."

ముందు కార్డుతో మొదలుపెట్టాను.

ఈ కార్డు వెనక కథ చాలామంది రాసిపెట్టారు. ఇంగ్లండు రాజు అయిదో జార్జి కూతురు మేరీకి 1914లో పదిహేడేళ్ళు. ఆ అక్టోబరులో ఆమె పేరు మీద ఒక చందా మొదలుపెట్టారు. యుద్ధంలో ఉన్న ప్రతి సైనికుడికీ, నావికుడికీ క్రిస్మస్‌కు ఒక కానుక పంపాలని. జనం ఇచ్చింది ఒక లక్షా అరవై రెండు వేల పౌన్లు దాటింది. కానుక అంటే ఒక ఇత్తడి డబ్బా. సుమారు అయిదు అంగుళాల పొడవు, మూడుంపావు వెడల్పు. మూత మీద మేరీ ముఖం, చుట్టూ మిత్రదేశాల పేర్లు, కింద 1914 క్రిస్మస్ అని ఉబ్బెత్తు అక్షరాలు. లోపల పొగాకు, సిగరెట్లు, ఒక కార్డు. అన్నీ కలిపి పాతిక లక్షలకు పైగా పంచారు. అంత ఇత్తడి దొరక్క అమెరికా నుంచి తెప్పించుకుంటే, 1915 మేలో జర్మన్లు ముంచిన లూసిటానియా ఓడతోపాటు అందులో వస్తున్న ఇత్తడి రేకు కూడా సముద్రంలోకి పోయింది. తయారీ రంగంలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఈ సంగతి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ముడిసరుకు అందక డెలివరీ తేదీలు దాటిపోవడం మనకొక్కరికే కాదన్నమాట.

ఆ తేదీల గొడవలోనే నాకు మొదటి ఆధారం దొరికింది. అందరికీ క్రిస్మస్‌ లోపల ఇవ్వడం తమ వల్ల కాదని వాళ్ళకు ముందే అర్థమైంది. అందుకని ఫ్రాన్సు యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకు, నౌకాదళానికి ముందు ఇచ్చారు. వాళ్ళ కార్డు మీద క్రిస్మస్, కొత్త సంవత్సరం రెండింటి శుభాకాంక్షలూ ఉంటాయి. మిగతా చోట్ల ఉన్నవాళ్ళకు 1915 జనవరిలోనూ ఆ తర్వాతా ఇచ్చారు. అప్పటికి క్రిస్మస్ వెళ్ళిపోయింది కదా, అందుకని ఆ కార్డు మీద కొత్త సంవత్సరం ఒక్కటే ఉంటుంది. మా కార్డు మీద క్రిస్మస్ మాట లేదు.

అంటే ఆయన ఆ చలికాలం ఫ్రాన్సులో లేడు. ఇది ఎందుకు ముఖ్యమంటే, నిజాం ఖర్చు భరించిన గుర్రపు దళాలు అప్పుడు బయట రెండున్నాయి. ఒకటి ఇరవయ్యో డెక్కన్ హార్స్. అది బ్రిటిషు ఇండియా సైన్యంలో భాగం, 1914 చివరికే ఫ్రాన్సు చేరింది. రెండోది నిజాం సొంత దళం, హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు. అది ఈజిప్టులో సూయజ్ కాలువ కాపలాకు వెళ్ళింది. ఈ రెండు దళాల ఖర్చు కోసం ఏడో నిజాం అరవై లక్షల రూపాయలిచ్చాడు. ఈజిప్టును ఉర్దూలో మిస్ర్ అంటారు. మా అవ్వ అన్న మిస్రం, పెద్ద కాలువ. కార్డూ అవ్వా ఒకే మాట చెప్పారు. చిన్నాయినకు ఫోన్ చేసి "లాన్సర్లే, ఖాయం" అన్నాను. ఆయన అవతల ఎవరికో "నేన్జెప్పలే?" అంటున్నాడు.

అక్కడితో ఆపితే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

డబ్బా సంగతి తేల్చాలని చిన్నాయిన ఇంటికి వెళ్ళాను. మూత మీద రాతలు ఏమైనా ఉంటే ఎప్పుడో తుప్పు తినేసింది. ఇంట్లో అందరూ దాన్ని ఇత్తడి డబ్బా అనే అంటారు, మెరుగు పోయి నల్లబడిందని. నాకు లోహాలు పరీక్షించడం రోజువారీ పని. ఎప్పుడూ బ్యాగులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. ఊరికే, అలవాటుగా, దాని దగ్గర పెట్టాను. టక్కుమని అతుక్కుంది.

ఇత్తడికి అయస్కాంతం అతుక్కోదు. పదో తరగతి పిల్లలు చెప్పగలరు. అది తగరం పూసిన ఇనప రేకు.

మొదట నాకు వచ్చిన అనుమానం, ఇది ఆ కానుక డబ్బా కాదు, ఎవరో ఎప్పుడో జుమ్మేరాత్ బజార్లో కొన్న బిస్కట్ల డబ్బా అని. కానీ అవ్వ తను కాపురానికి వచ్చిన నాటి నుంచి కార్డు ఆ డబ్బాలోనే ఉండేదని చెప్పేది. మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఆ కానుకలను ఎవరికి ఏమివ్వాలో కమిటీ వాళ్ళు జాబితా వేసుకున్నారు. మనవాళ్ళ మతాలూ ఆచారాలూ చూసి మార్పులు చేశారు. గూర్ఖాలకు బ్రిటిషు సైనికుల లాగే పొగాకు కానుక. సిక్కులకు ఇత్తడి డబ్బా నిండా పటికబెల్లం, విడిగా తగరపు డబ్బాలో మసాలా దినుసులు, కార్డు. మిగతా భారతీయ సైనికులకు ఇత్తడి డబ్బా, సిగరెట్లు, పటికబెల్లం, మసాలాల తగరపు డబ్బా, కార్డు. జాబితాలో ఆఖరి వరుస ఒకటుంది. సైన్యం వెంట వచ్చే పనివాళ్ళు. వాళ్ళందరినీ కలిపి భిస్తీలు అని రాశారు. వాళ్ళకు మసాలాల తగరపు డబ్బా, కార్డు. అంతే. ఇత్తడి డబ్బా లేదు.

ఆ వరుస చదివి కంప్యూటర్ మూసేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదని మా వృత్తిలో నియమం. ఇత్తడి డబ్బా కూడా ఉండి ఎప్పుడో పోయిందేమో. ఎవరో అమ్ముకున్నారేమో. మూడో వస్తువు మిగిలింది, బిళ్ళ. అది లేదు, కానీ దాని గురించి అవ్వ మాటలు ఉన్నాయి. కరువొచ్చిన ఏడు మా తాత దాన్ని కంసాలి దగ్గరికి తీసుకుపోయాడట. కంసాలి గీటు పెట్టి చూసి "ఎండి గాదు, ఇది కంచు. నాకెందుకు" అని తిప్పి పంపాడట. తర్వాత పిల్లలు ఆడుకొని ఎక్కడో బాయిలో పారేశారు. చిన్నప్పుడు "ఎట్లుండెనవ్వా?" అని నేను అడిగితే, "గుండ్రంగ. ఒక దిక్కు రాజు మొకం, ఒక దిక్కు గుర్రం మీద మనిషి" అనేది.

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవాళ్ళకు ముఖ్యంగా ఇచ్చిన పతకాలు మూడు. ఒకటి నక్షత్రం ఆకారంలో ఉంటుంది. రెండోది విక్టరీ మెడల్, కంచుదే, దాని మీద రెక్కల దేవత ఉంటుంది, రాజు ముఖం ఉండదు. మూడోది బ్రిటిష్ వార్ మెడల్. ఒకవైపు జార్జి రాజు ముఖం, రెండోవైపు గుర్రం మీద మనిషి. మా అవ్వ చెప్పింది అచ్చంగా ఇదే. ఈ మూడో పతకాన్ని సైనికులకు వెండితో చేసి ఇచ్చారు. కూలి దళాల వాళ్ళకు, సైన్యం వెంట వెళ్ళిన పనివాళ్ళకు అదే అచ్చు, అదే కొలత, కంచుతో పోసి ఇచ్చారు.

కంసాలి గీటు ఆరోజే తేల్చేసింది. మాకు అర్థం కాలేదు, అంతే. మా పెద్దతాత గుర్రపు సిపాయి అన్న కథ ఎక్కడ పుట్టిందో కూడా నాకు అప్పుడే తట్టింది. ఆయన గుర్రం ఎక్కాడని ఎవరూ చూడలేదు. పతకం మీద గుర్రం ఎక్కిన మనిషిని చూశారు.

పాపం ఆ పతకం ఉంటే ఇంత తిరుగుడు అవసరం ఉండేది కాదు. ఆ పతకాల అంచు చుట్టూ మనిషి పేరు, దళం చెక్కి ఉంటాయి. మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే ముఖాలు కాదు, అంచు చూడండి. భూతద్దం పెట్టి చూడండి. తోమకండి.

గుర్రపు దళం వెంట పనివాళ్ళు అంటే ఎవరు? సైసులు, గడ్డి కోసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, చాకళ్ళు, మంగళ్ళు, పాకీవాళ్ళు. ఆ యుద్ధానికి ఇండియా నుంచి సైన్యంలో చేరిన సుమారు పద్నాలుగు లక్షల మందిలో అయిదున్నర లక్షలకు పైగా ఇలాంటి పనివాళ్ళు, కూలి దళాల వాళ్ళే. రాధికా సింఘా అనే చరిత్రకారిణి 2020లో వీళ్ళ గురించే ఒక పుస్తకం రాశారు, 'ది కూలీస్ గ్రేట్ వార్' అని. నేను రాత్రుళ్ళు కూర్చుని చదివాను. అంతకుముందు నాకు యుద్ధం అంటే బల్లేలూ తుపాకులే.

ఒక్క నీళ్ళ లెక్క చెప్తాను. ఎండలో పనిచేసే గుర్రం రోజుకు ముప్పై నుంచి నలభై లీటర్ల నీళ్ళు తాగుతుంది. దళంలో అయిదు వందల గుర్రాలు అనుకుందాం. రోజుకు పదిహేను ఇరవై వేల లీటర్లు. మన శంకర్‌పల్లి అపార్టుమెంట్లకు ఎండాకాలం వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే మూడు నాలుగు ట్యాంకర్లు. ఎడారిలో, గుడ్డ బకెట్లతో, రోజూ. ఆ మీద మేత, మాలీషు, గిట్టలు చూడటం, రాత్రి కాపలా. సవారు దిగి పడుకుంటాడు. సైసు పని అప్పుడు మొదలవుతుంది.

ఇవన్నీ నాకు బాగానే ఉన్నాయి. చిన్నాయినకు ఎలా చెప్పాలి?

ఏప్రిల్‌లో ఒక ఆదివారం వెళ్ళి చెప్పాను. కార్డు, డబ్బా ముందు పెట్టి, అయస్కాంతం అతికించి చూపించి, పద్ధతిగా, ఆఫీసులో రిపోర్టు చెప్పినట్టు చెప్పాను. అది నా తప్పు. ఆయన అంతా విని, "అంటే గుర్రాల పెండ ఎత్తేటోడంటవా?" అన్నాడు. నేను ఏదో అనబోయాను. "మీ అక్క పెండ్లిల ఆ మొగపిల్లగాని తండ్రి, సిపాయోళ్ళ పిల్ల అనే కట్నం తగ్గించుకుండు. తెలుసా నీకు? నువ్వు నాలుగు పుస్తకాలు జదివి మా నాయినను అబద్ధాలకోరును జేస్తున్నవ్" అని లేచి లోపలికి పోయాడు. పిన్ని తెచ్చిన చాయ్ అక్కడే చల్లారింది. మూడు నెలలు మా మధ్య మాటల్లేవు. ఫోన్ చేస్తే పిన్నే ఎత్తేది.

ఆ మూడు నెలలు నేను వేరే దారి వెతికాను. ఆయన పేరు ఎక్కడైనా కాగితం మీద దొరికితే చిన్నాయినకు చూపించవచ్చని. పంజాబువాళ్ళు అదృష్టవంతులు. యుద్ధానికి వెళ్ళిన మూడు లక్షల ఇరవై వేల మంది వివరాలు ఊరువారీగా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉన్నాయి. 2021లో వాటిని కంప్యూటర్లో పెట్టడం మొదలుపెట్టారు. మనకు అలాంటిది కనిపించదు. చనిపోయినవాళ్ళ కోసం కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలున్నాయి. ఈజిప్టు, పాలస్తీనాల్లో చనిపోయిన సుమారు నాలుగు వేల మంది భారతీయుల కోసం సూయజ్ కాలువ చివర పోర్ట్ తౌఫీక్‌లో 1926లో ఒక స్మారకం కట్టారు. అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ జరిగిన యుద్ధాల్లో అది దెబ్బతిని పోతే, 1980లో కైరో దగ్గర హీలియోపోలిస్‌లో కొత్తది పెట్టారు. అన్ని చోట్లా అందరి పేర్లూ రాయలేదని, కొందరిని అంకెలుగా, కొందరిని అసలే లెక్కలోకి రానట్టుగా వదిలేశామని ఆ కమిషనే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. ఇవి పోయినవాళ్ళ సంగతులు. మా పెద్దతాత పోలేదు, తిరిగొచ్చాడు. బతికి వచ్చిన సైసుకు ఏ రాయి మీద పేరుంటుంది?

(రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం వెతికేవాళ్ళకు ఒక మాట. ఆ కమిషన్ వెబ్‌సైటులో మన సైనికుల్లో చాలామందికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి. ఊరి పేరు ఇంగ్లీషులో వంకరటింకరగా ఉంటుంది. నాలుగైదు రకాలుగా రాసి చూడండి.)

జులైలో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్. చిన్నాయిన.

"పండుకున్నవా?"

"లేదు చిన్నాయినా, చెప్పు."

"మన వాగు కాడి చెలకను ఊరోళ్ళు ఏమంటర్రా?"

నేను చిన్నప్పుడు ఎడ్లు తోలుకొని ఆ చెలకకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. "సైసోని చెలక."

అవతల కాసేపు మాట లేదు.

ఆ ఏడాదే కొత్త పట్టాదారు పాసు పుస్తకాలు వచ్చాయి. మా దాంట్లో గుంటలు తప్పు పడితే సరిచేయించడానికి సర్వేయరును తీసుకొని ఆయన పొలం మీదికి వెళ్ళాడు. పక్క చెలక ముసలాయన గట్టు మీద నిలబడి సర్వేయరుతో "ఇగో ఈడికెల్లి ఆడిదాంక సైసోని చెలక సారూ" అన్నాడట. చిన్నాయిన ఆ మాట పుట్టినప్పటి నుంచి వింటున్నాడు. నేనూ విన్నాను. సైసయ్య అనో ఏదో పేరున్న ఎవరి దగ్గరో మా పెద్దలు కొన్నారు కాబట్టి ఆ పేరని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. మా పెద్దతాత మిస్రం నుంచి తెచ్చిన పైసలతో కొన్న చెలక అది. ఊరు ఆయన్ను ఏమని పిలిచిందో ఆ మన్నును అదే పేరుతో పిలుస్తూ వచ్చింది. సిపాయి అన్నది మా ఇంటివాళ్ళు, మెల్లగా, పెళ్ళిళ్ళ కోసం, మర్యాద కోసం పెట్టుకున్నది. ఊరు మమ్మల్ని కాదనలేదు. మా ఎదుట సిపాయోళ్ళు అన్నది, పొలానికి మాత్రం పాత పేరే ఉంచింది.

చిన్నాయిన ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాడు. అవ్వ తనతో చెప్పినవి, నాతో చెప్పనివి. పెద్దతాత మూడో జామున లేచేవాడట. ఎడ్ల కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేవాడట. ఎండాకాలం పొలం నుంచి వస్తే ఎడ్లు నీళ్ళు తాగందే తను గుక్కెడు తాగేవాడు కాదట. మా అవ్వ కొత్త కోడలు, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తే, "వాటికి పెట్టినవా?" అని అడిగేవాడట. "నాకు గిదంత పిచ్చి అనిపిస్తుండె అనేది మా అమ్మ" అన్నాడు చిన్నాయిన. ఎడారిలో గుర్రాలకు నీళ్ళ లెక్క నేను ఏప్రిల్‌లో ఆయనకు చెప్పినప్పుడు విననట్టే కూర్చున్నాడు. విన్నాడన్నమాట.

పెత్రమాస దగ్గర పడింది. ఫ్లెక్సీ సంగతి నేను ఎత్తలేదు. ఆయనే చేవెళ్ళలో ఫ్లెక్సీలు వేసే పిల్లవాడి దగ్గరికి నన్ను వెంటబెట్టుకు పోయాడు. గుర్రం మీద బల్లెం పట్టుకున్న బొమ్మ అప్పటికే కంప్యూటర్లో సిద్ధంగా ఉంది. "ఆ మనిషిని దించు" అన్నాడు. పిల్లవాడికి అర్థం కాలేదు. "గుర్రం మీదికెల్లి దించి పక్కపొంటి నిలబెట్టు. బల్లెం తీసెయ్. కళ్ళెం చేతికియ్యి." అట్లా చేస్తే కాళ్ళు మళ్ళీ గీయాలి, రెండు వందలు ఎక్కువవుతుందన్నాడు పిల్లవాడు. చిన్నాయిన జీవితంలో బేరం ఆడకుండా డబ్బిచ్చింది నేను అదొక్కసారే చూశాను. ముఖం మా నాయిన ముఖాన్ని బట్టి పెట్టించాడు. కింద పెద్దతాత పేరు, దాని కింద 'సైసు, హైదరాబాద్ లాన్సర్లు, మిస్రం' అని రాయించాడు. నంబరు లేదు.

ఆ రోజు భోజనాలకు వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చెవులు కొరుక్కున్నారు. పక్క చెలక ముసలాయన మాత్రం ఫ్లెక్సీ ముందు నిలబడి చదివించుకొని, "గిది మాకెర్కనే గదా" అన్నాడు.

ఆ చెలకలో సగం ఇప్పుడు వెంచరైంది. మిగతా సగం చిన్నాయిన అమ్మనంటున్నాడు. అమ్మితే కాగితాల్లో సర్వే నంబరు మిగులుతుంది, పేరు పోతుందని.

మా ఇంగ్లీషు సారు ఇవాళ రాలేకపోయారు, ఆరోగ్యం బాగాలేదు. నిన్న ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఎనిమిదో తరగతిలో తనేమడిగారో ఆయనకు గుర్తులేదు. కార్డు అడిగి తీసుకొని మళ్ళీ అటూ ఇటూ తిప్పి చూశారు.

కార్డునూ డబ్బానూ స్టాఫ్ రూము పక్క గదిలో బల్ల మీద పెట్టాం. అయస్కాంతం కూడా ఉంది. పిల్లలు వెళ్ళి చూడవచ్చు. పక్కనే కుర్చీలో తెల్ల ధోతి కట్టుకుని కూర్చున్నది మా చిన్నాయిన. డబ్బా ముట్టుకోనిస్తాడు, కార్డు ముట్టుకోనివ్వడు. మీ ఇళ్ళలో ఇలాంటివి ఏమైనా ఉంటే ఆయనకు చెప్పండి, పేరూ ఊరూ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. పొద్దుటి నుంచి నలుగురివి రాశాడు.